వడ్లగింజ ఆయుష్షులో ప్రోటీన్ల పాత్ర

సభకు నమస్కారం.

నా ముందున్న బల్ల మీద రెండు గాజు పళ్లేలు ఉన్నాయి. ప్రసంగం ముగిశాక మీరంతా దగ్గరకు వచ్చి చూడవచ్చు గానీ, ప్రస్తుతానికి వాటిలో ఏముందో నేనే చెబుతాను. రెండింటిలోనూ ఒకే రకానికి చెందిన, ఒకే మడిలో ఒకే రోజు కోసిన వడ్లగింజలు ఉన్నాయి. నిన్న రాత్రంతా వాటిని నీళ్లలో నానబెట్టి, ఈ ఉదయం ఒక్కొక్క గింజనూ పదునైన బ్లేడుతో నిలువుగా, పిండం సరిగ్గా రెండుగా చీలేలా కోసి, టెట్రాజోలియం అనే లవణం కలిపిన రంగులేని ద్రావణంలో కొన్ని గంటల పాటు చీకట్లో ఉంచాం. మొదటి పళ్లెంలోని గింజల్లో పిండం దానిమ్మ గింజంత ఎర్రగా మారింది. రెండో పళ్లెంలోని గింజల్లో మాత్రం పిండం పాలిపోయి ఉంది; అక్కడక్కడా ఒక గులాబీ మచ్చ తప్ప రంగు లేదు. మొదటివి పొడిగా, చల్లగా నిల్వ చేసిన గింజలు. రెండోవి వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉన్న పెట్టెలో కొన్ని రోజులు ఉంచినవి. కోయక ముందు ఈ రెండింటినీ కలిపేసి ఉంటే మళ్లీ వేరుచేయడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఈ ఎరుపు ఎక్కడిదో తెలుసుకుంటే ఇవాళ నేను చెప్పదలచుకున్న విషయంలోకి నేరుగా వెళ్లవచ్చు. బతికున్న కణంలో శ్వాసక్రియను నడిపే డీహైడ్రోజినేజ్ ఎంజైములు ఆహార పదార్థాల నుంచి హైడ్రోజన్‌ను విడదీస్తూ ఉంటాయి. ఆ హైడ్రోజన్ టెట్రాజోలియంకు అందినప్పుడు అది ఫార్మజాన్ అనే ఎర్రని పదార్థంగా మారుతుంది. అది నీళ్లలో కరగదు కనుక ఏ కణంలో పుట్టిందో ఆ కణంలోనే నిలిచిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త గియోర్గ్ లాకన్ 1940ల్లో రూపొందించిన ఈ పరీక్షను విత్తన పరీక్షా కేంద్రాలు నేటికీ వాడుతున్నాయి. ఎంజైములు ప్రోటీన్లే కాబట్టి, మీరు చూస్తున్న ఎరుపు పనిచేస్తున్న ప్రోటీన్ల ఆనవాలు. ఈ రెండు పళ్లేలలోని గింజలనూ పొడి చేసి, నత్రజనిని కొలిచి, ప్రోటీన్ శాతాన్ని లెక్కకట్టామే అనుకోండి, రెండింటికీ దాదాపు ఒకే అంకె వస్తుంది. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, దాని పనితనం పోయింది.

విత్తనం ఎంతకాలం బతుకుతుంది అన్న ప్రశ్న వచ్చినప్పుడు మనం మామూలుగా సంచి గురించి, గది గురించి, తేమశాతం గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ ముఖ్యమైనవే, వాటి దగ్గరకు నేనూ వస్తాను. అయితే ఒకే గదిలో, ఒకే తేమశాతంతో, ఒకే రకం సంచుల్లో ఉంచిన రెండు రకాల వడ్లలో ఒకటి ఏళ్లు గడిచినా చక్కగా మొలవడం, ఇంకొకటి దానికంటే ఎంతో ముందే మొలకశక్తి కోల్పోవడం విత్తనాలతో పనిచేసే వారందరూ చూసినదే. ఆ తేడా గది ఇచ్చినది కాదు కాబట్టి దాన్ని గింజలోనే వెతకాలి. నా వాదన ఇది. బాగా ఎండిన గింజలో మరమ్మతు దాదాపు జరగదు. కాబట్టి తల్లి మొక్క మీద ఉన్నప్పుడు గింజ సమకూర్చుకున్న రక్షణ ఎంత, మళ్లీ నీళ్లు తగిలిన తర్వాత చేసుకోగలిగిన మరమ్మతు ఎంత, ఈ రెండింటి మీదే దాని ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. ఈ రెండు పనులనూ ప్రధానంగా ప్రోటీన్లే చేస్తాయి. ఆ రెండింటికీ నడుమ ఉన్న నిల్వకాలంలో మన చేతిలో ఉన్నది నష్టాన్ని నెమ్మదింపజేయడం మాత్రమే.

ముందుగా గింజలో ప్రాణం ఉన్న చోటేదో గుర్తు చేసుకుందాం. ఊక తీసేస్తే మిగిలేది దంపుడు బియ్యపు గింజ. అందులో అత్యధిక భాగం అంకురచ్ఛదం, అంటే మనం తినే పిండి భాగం. గింజ పండేసరికి ఆ పిండి కణాలన్నీ చనిపోతాయి. ప్రాణంతో మిగిలేవి రెండే: తవుడులో భాగమైన అల్యూరాన్ పొర, గింజ అడుగున ఒక మూలన ఒదిగి ఉండే పిండం. పిండం బరువు గింజ బరువులో 2 నుంచి 3 శాతమే. దంపుడు బియ్యంలో ఉండే 7, 8 శాతం ప్రోటీన్‌లో చాలా భాగం పిండి కణాల్లో నిల్వ ఉండే గ్లూటెలిన్. ఆ తర్వాతి స్థానం ప్రొలామిన్‌ది. అవి మొలకకు ఆహారం. ఆయుష్షు గురించి మాట్లాడేటప్పుడు మనం చూడవలసింది ముఖ్యంగా పిండంలోని ప్రోటీన్లను. అవి పరిమాణంలో తక్కువే అయినా రకాల్లో వేల సంఖ్యలో ఉంటాయి.

పాలు పట్టే దశలో గింజలో సగానికి పైగా నీరే ఉంటుంది. కోతనాటికి అది 20 శాతం చుట్టుపక్కలకు దిగుతుంది, ఆరబెట్టాక 12 శాతానికో అంతకంటే తక్కువకో చేరుతుంది. ఆకులోని కణాన్ని ఈ స్థాయికి ఎండబెడితే అది ఖాయంగా చస్తుంది. నీరు తొలగిపోగానే ప్రోటీన్లు ఒకదానికొకటి దగ్గరై అతుక్కుని ముద్ద కడతాయి; కణత్వచాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చిరుగుతాయి. గింజ మాత్రం దీనికి ముందే సిద్ధమవుతుంది. పండే దశ చివరలో, అబ్‌సిసిక్ ఆమ్లం అనే హార్మోను ప్రభావంతో, పిండంలో ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ల కుటుంబం పెద్ద ఎత్తున తయారవుతుంది. వీటిని 1981లో లియోన్ డ్యూర్, ఆయన సహచరులు పత్తి గింజల్లో మొదట గుర్తించారు. పిండాభివృద్ధి చివరి దశలో పుష్కలంగా కనిపించేవి కాబట్టి ‘లేట్ ఎంబ్రియోజెనెసిస్ అబండెంట్’ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలను కలిపి ఎల్‌ఈఏ ప్రోటీన్లు అని పిలుస్తున్నారు. వరి జన్యుపటంలో వీటికి సంబంధించిన జన్యువులు 30కి పైగా ఉన్నాయి.

ఈ ప్రోటీన్ల స్వభావాన్ని ప్రయోగశాలలో కళ్లారా చూడవచ్చు. వరి పిండాలను కొన్నింటిని తీసుకుని, చల్లని ద్రావణంలో మెత్తగా నూరి, పిప్పిని వేరుచేస్తే కొద్దిగా పసుపు రంగు ఉన్న ద్రవం వస్తుంది. దాన్ని చిన్న గొట్టంలో పోసి మరిగే నీటిలో ఉంచితే, నిమిషాల్లోనే అది కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడినట్టుగా విరిగి తెల్లగా గడ్డకడుతుంది. దాన్ని వేగంగా తిరిగే యంత్రంలో పెట్టి గడ్డను అడుగుకు దించితే పైన తేట నీరు మిగులుతుంది. చూపులకు అందులో ఏమీ లేదనిపిస్తుంది. కానీ ఆ తేటను పరీక్షిస్తే అందులో ప్రధానంగా ఉండేవి ఎల్‌ఈఏ ప్రోటీన్లే. మరిగించినా ఇవి విరగవు. మామూలు ప్రోటీన్లకు ఒక నిర్దిష్టమైన మడత ఉంటుంది, వేడికి ఆ మడత విప్పుకుని అవి పాడవుతాయి. వీటికి నీళ్లలో ఉన్నప్పుడు స్థిరమైన మడత అంటూ లేదు కనుక విప్పుకోవడానికి ఏమీ ఉండదు. విచిత్రం ఏమిటంటే, నీరు తగ్గుతున్న కొద్దీ వీటిలో చాలా వరకు సర్పిలాకారపు మడతను సంతరించుకుంటాయి. ఇతర ప్రోటీన్లు ఆకృతిని కోల్పోయే పరిస్థితిలో ఇవి ఆకృతిని పొందుతాయి. పొందిన తర్వాత మిగతా ప్రోటీన్ల నడుమ అడ్డుగా నిలిచి అవి ముద్ద కట్టకుండా చూస్తాయి, కొన్ని కణత్వచాలను అంటిపెట్టుకుని వాటిని కాపాడతాయి. నేను ఎన్నోసార్లు చేసిన ప్రయోగమే అయినా, గడ్డకట్టిన తెలుపు మీద ఆ తేట నిలిచి ఉండటాన్ని చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం కలుగుతూనే ఉంటుంది.

ఎల్‌ఈఏ ప్రోటీన్లు ఒంటరిగా పనిచేయవు. అదే సమయంలో పిండంలో సుక్రోజు, రాఫినోజు వంటి చక్కెరలు పోగుపడతాయి. చక్కెరలు, ఈ ప్రోటీన్లు కలిసి, నీరు పోయిన కణరసాన్ని స్ఫటికం కానివ్వకుండా గాజులాంటి స్థితికి చేరుస్తాయి. గాజు చూడటానికి ఘనపదార్థం, కానీ దాని అణువులకు ద్రవంలో లాగే క్రమం ఉండదు. అవి కదలలేక ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, అంతే. కణరసం ఆ స్థితికి చేరాక రసాయన చర్యలు ఆగవు గానీ ఎంతో మందగిస్తాయి. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ చెప్పిన సూత్రాలు మీలో చాలామందికి తెలుసు: గింజ తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది, ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా రెట్టింపవుతుంది. తేమకు 5 నుంచి 14 శాతం వరకు, ఉష్ణోగ్రతకు సున్నా నుంచి 50 డిగ్రీల వరకు వర్తించే స్థూలమైన లెక్కలివి. ఈ లెక్కల వెనుక ఉన్నది చాలావరకు ఆ గాజు కథే. తేమ పెరిగినా, వేడి పెరిగినా గాజు మెత్తబడుతుంది, అణువులు కదలడం మొదలవుతుంది, ప్రోటీన్ల నష్టం ఊపందుకుంటుంది.

రక్షణ బృందంలో ఇంకొక కుటుంబం గురించి చెప్పాలి. చిన్న పరిమాణపు ఉష్ణాఘాత ప్రోటీన్లు అని వీటికి పేరు. వేడి తగిలినప్పుడు కణాలు వీటిని తయారుచేసుకుంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది గానీ, గింజలో మాత్రం వేడి ఉన్నా లేకపోయినా పండే దశలోనే ఇవి చేరతాయి. మడత విప్పుకోబోతున్న ప్రోటీన్‌ను పట్టుకుని, అది ఇతర ప్రోటీన్లతో ముద్ద కట్టకముందే ఆపి ఉంచడం వీటి పని. ఆయుష్షుతో వీటి సంబంధానికి గట్టి సాక్ష్యం ఉంది. పొద్దుతిరుగుడు గింజల్లో ఈ ప్రోటీన్ల తయారీకి ఆదేశమిచ్చే ఒక నియంత్రక జన్యువును పొగాకు మొక్కల్లో ఎక్కువగా పనిచేయించినప్పుడు, వాటి విత్తనాలు కృత్రిమ వార్ధక్య పరీక్షకు, అంటే వేడిలో తేమలో ఉంచి గింజను త్వరగా ముసలిదాన్ని చేసే పరీక్షకు, మెరుగ్గా తట్టుకున్నట్టు 2006లో వెల్లడైంది. వరిలోని ఇలాంటి ప్రోటీన్ ఒకదాన్ని అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో ఉత్పత్తి చేయించినప్పుడు కూడా దాని విత్తనాల ఆయుష్షు పెరిగింది.

ఇంతవరకూ రక్షించే ప్రోటీన్ల గురించి చెప్పాను. గింజను చంపడంలో చేయి ఉన్న ప్రోటీన్ కూడా గింజలోనే ఉంది. తవుడులో 15 నుంచి 20 శాతం వరకు నూనె ఉంటుంది. బియ్యం పాలిష్ పట్టగానే వేరుపడిన తవుడు ఎంత త్వరగా కంపు కొడుతుందో మీకు తెలుసు. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నూనె ఒక గదిలో, దాన్ని విరిచే ఎంజైములు వేరొక గదిలో ఉంటాయి. పాలిష్ యంత్రంలో ఆ గోడలన్నీ ఒక్కసారిగా కూలిపోతాయి. ముందుగా లైపేజ్ నూనె నుంచి కొవ్వు ఆమ్లాలను విడదీస్తుంది, ఆ తర్వాత లిపాక్సిజినేజ్ వాటిలోని లినోలిక్ ఆమ్లం వంటివాటికి ఆక్సిజన్‌ను అతికిస్తుంది, అలా ఏర్పడిన పెరాక్సైడ్లు విరిగి హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లు పుడతాయి. పాత బియ్యపు వాసనలో ప్రధానమైనది ఈ హెక్సనాలే. తవుడులో గంటల్లో జరిగే ఈ పని, నిల్వ ఉన్న గింజలో నెలల తరబడి, కణత్వచాలు బలహీనపడుతున్న కొద్దీ, నెమ్మదిగా సాగుతుంది.

వరి గింజలో లిపాక్సిజినేజ్ మూడు రూపాల్లో ఉంది, వాటిలో మూడోదే అత్యధికంగా పనిచేస్తుంది. థాయ్‌లాండ్‌కు చెందిన డా డామ్ అనే సంప్రదాయ రకంలో ఈ మూడో రూపం సహజంగానే లేదని జపాన్ పరిశోధకులు 1990ల్లో గమనించారు. అలాంటి గింజల్లో నిల్వ వాసన తక్కువ. ఆ తర్వాత అదే జన్యువును ఉద్దేశపూర్వకంగా పనిచేయకుండా చేసిన వరి మొక్కల గింజలు కూడా నిల్వలో ఎక్కువకాలం మొలకశక్తిని నిలుపుకున్నట్టు 2015లో వచ్చిన పరిశోధనలు చూపాయి. దీర్ఘాయుష్షు కోసం ఏదైనా కొత్తగా చేర్చాలనే మనం సాధారణంగా ఆలోచిస్తాం. ఇక్కడ ఒక ప్రోటీన్‌ను తీసేస్తే గింజ ఎక్కువకాలం బతికింది. అయితే లిపాక్సిజినేజ్‌కు మొక్కలో వేరే బాధ్యతలు కూడా ఉన్నాయి, పురుగులకు, తెగుళ్లకు ఎదురుతిరిగే సంకేతాల తయారీకి ఈ కుటుంబమే ఆధారం. కాబట్టి ఏ రూపాన్ని, మొక్కలోని ఏ భాగంలో తీసేస్తున్నామన్నది జాగ్రత్తగా చూడవలసిన విషయమని నేను భావిస్తాను.

ఇలా పుట్టిన ఆల్డిహైడ్లు ఊరుకోవు. అవి ప్రోటీన్ల మీద, ముఖ్యంగా లైసిన్ వంటి అమైనో ఆమ్లాల మీద అతుక్కుంటాయి. మరోవైపు ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు ప్రోటీన్లను నేరుగా ఆక్సీకరించి, వాటి మీద కార్బొనిల్ సమూహాలను ఏర్పరుస్తాయి. ఇవి కాక, గ్లూకోజు వంటి చక్కెరలు ప్రోటీన్లతో కలిసి గోధుమరంగు పదార్థాలను ఏర్పరిచే మెయిలార్డ్ చర్య కూడా తనవంతు నష్టం చేస్తుంది. కార్బొనిల్ సమూహం ఏర్పడిన ప్రోటీన్‌ను బాగుచేసే మార్గం కణానికి లేదు. దాన్ని ముక్కలు చేసి పారేయవలసిందే. ఆల్డిహైడ్లను ముందే పట్టి హానిలేని ఆమ్లాలుగా మార్చే ఎంజైములు గింజలో ఉన్నాయి. వాటి విలువ ఎంతో వరిలో చేసిన ఒక పరిశోధన స్పష్టంగా చూపింది. ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే అలాంటి ఒక ఎంజైమును తయారుచేయించే ఓఎస్‌ఏఎల్‌డిహెచ్7 అనే జన్యువు పనిచేయని వరి మొక్కల గింజలు ఎండేటప్పుడు, నిల్వలో ఉన్నప్పుడు గోధుమ పసుపు రంగుకు తిరిగాయి, వార్ధక్య పరీక్షలో త్వరగా చనిపోయాయి, వాటిలో నూనెలు చెడినప్పుడు పుట్టే మాలాన్‌డైఆల్డిహైడ్ ఎక్కువగా పేరుకుంది. 2009లో ప్రచురితమైన ఈ ఫలితంలో నాకు నచ్చేది ఏమిటంటే, నష్టం రంగు రూపంలో కంటికి కనిపించడం. ఒక్క ఎంజైము లేకపోతే గింజ పాలిపోయి పసుపెక్కి చనిపోవడం ఎవరికైనా అర్థమవుతుంది.

నిల్వ ప్రోటీన్లను మొలకకు ఆహారంగా మాత్రమే చూడటం మనకు అలవాటు. ఇటీవలి పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని కొంత సరిదిద్దాయి. అరబిడాప్సిస్ విత్తనాల్లో గ్లూటెలిన్‌కు దగ్గరి బంధువులైన క్రూసిఫెరిన్ అనే నిల్వ ప్రోటీన్లు ఉంటాయి. అవి లేని మొక్కల విత్తనాల్లో మిగతా ప్రోటీన్లు ఎక్కువగా ఆక్సీకరణకు గురై, విత్తనాలు త్వరగా ముసలివైనట్టు 2015లో తేలింది. అంటే, పెద్ద మొత్తంలో ఉన్న నిల్వ ప్రోటీన్లు ఆక్సీకరణ దెబ్బను తమ మీదకు తీసుకుని, తక్కువ మోతాదులో ఉండే విలువైన ఎంజైములను కాపాడుతున్నాయన్న మాట. వరి గింజలో నిల్వ ప్రోటీన్‌లో అధికభాగం నిర్జీవమైన పిండి భాగంలో ఉంటుంది గనుక ఈ ఫలితాన్ని వరికి యథాతథంగా అన్వయించకూడదు. వరి పిండంలోనూ గ్లోబ్యులిన్ కుటుంబపు నిల్వ ప్రోటీన్లు ఉన్నాయి, అక్కడ ఇలాంటి కవచం పనిచేసే అవకాశం ఉంది.

ఇక మరమ్మతు విషయానికి వస్తాను. నాకు ఈ రంగంలో అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువసేపు తీసుకుంటే క్షమించండి. ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులని మీకు తెలుసు. ఆ గొలుసులో ఆస్పరాజిన్, ఆస్పార్టేట్ అనే రెండు కాస్త బలహీనమైన కడియాలు. ఏ శత్రువూ లేకపోయినా, ఆక్సిజన్ తగలకపోయినా, కేవలం కాలం గడిచినందువల్లే ఇవి లోపల మెలితిరిగి ఐసోఆస్పార్టేట్ అనే రూపంలోకి మారిపోతుంటాయి. అలా మారిన చోట గొలుసుకు ఒక అదనపు వంపు వస్తుంది. ఒక తాళంచెవి పళ్లలో ఒకటి కొద్దిగా వంగితే చెవి తాళంలోకి దూరనట్టుగా, ఆ ఒక్క వంపుతో ఎంజైము మడత సరిపోక పని ఆగిపోవచ్చు. నిరంతరం కొత్త ప్రోటీన్లను తయారుచేసుకునే పచ్చని ఆకుకు ఇది పెద్ద సమస్య కాదు. ఏడాదిపాటు ఒకే ప్రోటీన్లతో కాలం గడపవలసిన గింజకు ఇది ప్రాణాంతకం.

దీన్ని సరిచేసే ఎంజైము ఒకటి ఉంది. దాని పూర్తి పేరు ఐసోఆస్పార్టిల్ మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్. పరిశోధకులు పిమ్ట్ అని క్లుప్తంగా పిలుస్తారు. ఇది వంపు తిరిగిన చోట ఒక మిథైల్ సమూహాన్ని తగిలిస్తుంది, దాంతో ఆ కడియం తిరిగి సరైన రూపంలోకి వచ్చే దారి తెరుచుకుంటుంది. ప్రోటీన్‌ను పారేయకుండా, ఉన్నదాన్నే బాగుచేసే అరుదైన ఎంజైములలో ఇది ఒకటి. మేరీ బెత్ ముడ్జెట్, స్టీవెన్ క్లార్క్ 1993లో గోధుమ పిండాల నుంచి దీన్ని శుద్ధి చేసి వివరించారు. చైనా ఈశాన్య ప్రాంతంలో ఎండిపోయిన ఒక సరస్సు అడుగున దొరికిన తామర గింజ దాదాపు 1300 ఏళ్ల తర్వాత మొలిచిందని జేన్ షెన్ మిల్లర్ బృందం 1995లో ప్రకటించినప్పుడు, అంతటి ముసలి గింజలోనూ ఈ ఎంజైము కొత్త గింజలతో సమానంగా పనిచేస్తున్నట్టు కనిపించింది. ఒక్క తామరతో సిద్ధాంతం నిలబడదు గానీ, వెతకవలసిన దిక్కేదో అది చూపించింది. అరబిడాప్సిస్‌లో ఈ ఎంజైమును పెంచితే విత్తనాయుష్షు పెరిగిందనీ, తగ్గిస్తే తరిగిందనీ 2008లో రుజువైంది. వరిలోనూ పిమ్ట్ జన్యువును ఎక్కువగా పనిచేయించినప్పుడు పిండంలో ఐసోఆస్పార్టేట్ పేరుకోవడం తగ్గి, గింజల నిల్వశక్తి పెరిగినట్టు 2015 నాటి పరిశోధన తెలిపింది.

అయితే ఎంజైము ఉంటే చాలదు, దానికి కదిలే చోటు ఉండాలి. గాజుగా మారిన కణరసంలో పిమ్ట్ అడుగు తీసి అడుగు వేయలేదు. కాబట్టి గింజ బాగా ఎండి ఉన్నంతకాలం వంపులు పేరుకుంటూనే ఉంటాయి, నెమ్మదిగానైనా సరే. మరమ్మతు ముమ్మరంగా సాగేది నీళ్లు తగిలిన తొలి గంటల్లో. ఆ గంటల్లో పిమ్ట్‌తో పాటు ఆక్సీకరణకు గురైన మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని సరిచేసే ఎంజైములు, తెగిన డీఎన్‌ఏను అతికే ఎంజైములు కూడా పనిలోకి దిగుతాయి. వీటన్నిటికీ శక్తి కావాలి, ఆ శక్తినిచ్చే మైటోకాండ్రియా కూడా ముసలిదై ఉంటే పని ఆలస్యమవుతుంది.

ఇక్కడ ఒక ప్రయోగాన్ని తప్పక చెప్పాలి. జన్యువుల ఆదేశాలను ప్రోటీన్ల తయారీకి చేరవేసేది సందేశ ఆర్‌ఎన్‌ఏ. వరి పిండాలను కొత్త సందేశ ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే మందు కలిపిన నీళ్లలో నానబెట్టినా అవి మొలకెత్తడం ప్రారంభిస్తాయి. ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ కలిపిన నీళ్లలో నానబెడితే మాత్రం మొలవవు. దీని అర్థం, మొలకెత్తడానికి కావలసిన తొలి సందేశాలను గింజ తల్లి మొక్క మీద ఉన్నప్పుడే రాసి దాచుకుంది. వాటిని చదివి ప్రోటీన్లుగా మార్చే యంత్రాంగం చెడకుండా ఉంటే చాలు. ఆ యంత్రాంగంలో రైబోసోములు ఉన్నాయి, వాటికి తోడ్పడే అనేక ప్రోటీన్లు ఉన్నాయి. గింజ ముసలిదైనప్పుడు ముందుగా కుంటుపడేది ఈ ప్రోటీన్ తయారీయే. ప్రోటీన్లను కొత్తగా తయారుచేయడానికి కూడా పాత ప్రోటీన్లే దిక్కు గనుక, వాటి నష్టం ఒక హద్దు దాటితే వెనక్కు రావడం ఉండదు.

రకాల మధ్య తేడా సంగతికి వస్తే, వరిలోని రెండు ప్రధాన వర్గాలైన ఇండికా, జపానికాలలో, మొత్తం మీద ఇండికా రకాల గింజలు జపానికా రకాల గింజల కంటే నిల్వకు బాగా ఆగుతాయన్నది చాలాకాలంగా తెలిసిన విషయం. జపానికా రకమైన నిప్పొన్‌బారెకూ, ఇండికా రకమైన కసలాత్‌కూ పుట్టిన సంతతిని పరీక్షించిన జపాన్ శాస్త్రవేత్తలు 2002లో 2, 4, 9 క్రోమోజోముల మీద ఆయుష్షును ప్రభావితం చేసే మూడు ప్రాంతాలను గుర్తించారు. వాటిలో 9వ క్రోమోజోము మీది ప్రాంతం ప్రభావం అన్నింటికంటే ఎక్కువ. ఆ తర్వాతి ఏళ్లలో ఇలాంటి ప్రాంతాలు మరెన్నో బయటపడ్డాయి. ఏ ఒక్క ప్రోటీన్ చేతిలోనూ ఆయుష్షు లేదని ఇవి చెబుతున్నాయి.

ఈ సందర్భంలో నా అభిప్రాయం ఒకటి సూటిగా చెప్పనివ్వండి. ఇప్పుడు కొత్త గింజలోని, ముసలి గింజలోని ప్రోటీన్లన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చే యంత్రాలు వచ్చాయి. ఇవి పెరిగాయి, అవి తగ్గాయి అంటూ పొడవైన జాబితాలు వస్తున్నాయి. అవి ఉపయోగకరమే. కానీ ముసలి గింజలో ఒక ప్రోటీన్ తగ్గిందంటే అది తగ్గినందువల్ల గింజ ముసలిదైందా, ముసలిదైనందువల్ల అది తగ్గిందా అన్నది జాబితా చెప్పదు. ఆ ప్రోటీన్‌ను తీసేసి చూడాలి, పెంచి చూడాలి, అప్పుడే కారణం తేలుతుంది. లిపాక్సిజినేజ్, పిమ్ట్, ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ గురించి నేను ధైర్యంగా మాట్లాడగలిగానంటే వాటి విషయంలో ఆ పని జరిగింది కాబట్టే. విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇదంతా తెలిసిన తర్వాత విత్తనం పండించేవారు ఏం చేయాలి? మొదటిది కోత సమయం. గింజ పూర్తి బరువుకు చేరిన రోజునే దాని ఆయుష్షు పూర్తికాదు. బరువు పెరగడం ఆగిన తర్వాత కూడా కొంతకాలం పాటు ఎల్‌ఈఏ ప్రోటీన్లు, ఉష్ణాఘాత ప్రోటీన్లు, చక్కెరలు చేరుతూనే ఉంటాయి. తొందరపడి కోస్తే అవి సగంలోనే ఆగిపోతాయి. మరీ ఆలస్యం చేస్తే గింజ కంకి మీదే మంచుకూ వానకూ తడిసి ఆరుతూ ముసలితనాన్ని పొలంలోనే మొదలుపెడుతుంది.

రెండోది ఆరబెట్టే తీరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ జన్యునిధిలో లక్షా 30 వేలకు పైగా వరి నమూనాలు భద్రంగా ఉన్నాయి. అక్కడ జరిగిన పరిశోధన 2015లో ఆసక్తికరమైన విషయాన్ని బయటపెట్టింది. 16 శాతానికి పైగా తేమతో కోసిన గింజలను నేరుగా చల్లని, పొడి గదిలోకి పంపడం కంటే, మొదట కొన్ని రోజులు 45 డిగ్రీల దగ్గర ఆరబెట్టి ఆ తర్వాత పంపితే చాలా నమూనాల ఆయుష్షు పెరిగింది. తక్కువ తేమతో కోసిన గింజల్లో ఈ లాభం కనిపించలేదు. తేమ ఇంకా మిగిలి ఉన్న గింజలో జీవక్రియ ఆగలేదు కాబట్టి, కోసిన తర్వాత కూడా అది తన సన్నాహాన్ని కొనసాగించుకోగలిగిందని దీనికి వివరణ. నేను మొదట చెప్పిన వాదనకు ఇంతకంటే మంచి ఆధారం నాకు తెలియదు. దయచేసి దీన్ని ఎంత వేడి ఉంటే అంత మంచిదని అర్థం చేసుకోవద్దు. తడి గింజకు ఇంకా ఎక్కువ వేడి తగిలితే పిండంలోని ఎంజైములు పాడవుతాయి, అప్పుడు మీరు నా రెండో పళ్లెంలోని గింజలనే తయారుచేసినవారవుతారు.

చివరగా, మొలక పరీక్ష చేసేవారికి ఒక మాట. వరికి అంతర్జాతీయ విత్తన పరీక్షా నియమాల ప్రకారం మొదటి లెక్క 5వ రోజున, ఆఖరి లెక్క 14వ రోజున తీస్తారు. నివేదికలో మనం సాధారణంగా ఆఖరి శాతాన్నే చూస్తాం. గింజకు నీళ్లు తగిలినప్పటి నుంచి వేరు బయటికి వచ్చేదాకా సాగే ఆ నిశ్శబ్ద కాలమే మరమ్మతు కాలమని ఇప్పుడు మనకు తెలుసు. నష్టం పెరిగిన కొద్దీ ఆ కాలం పొడవవుతుంది, మొలక శాతం పడిపోవడానికి చాలా ముందే మొలక ఆలస్యం కావడం మొదలవుతుంది. 14వ రోజున రెండు సంచులూ 90 శాతం చూపినా, వాటిలో ఒకటి 5వ రోజున సగమే మొలిచి ఉంటే, ఆ సంచిలోని గింజలు పేరుకున్న నష్టాన్ని సరిచేసుకోవడానికే తమ శక్తిలో చాలా భాగం వెచ్చించాయి. ఆ సంచిని మరో కాలానికి నిల్వ ఉంచకుండా ముందుగా దాన్నే నాట్లకు వాడండి, రెండోదాన్ని నిల్వ చేయండి.

ఇక పళ్లేలను దగ్గరగా చూడదలచినవారు ముందుకు రండి. భూతద్దం బల్ల మీదే ఉంది.